ముక్కు చక్రం చూసి టగ్ కొనండి

హ్యాంగర్ (విమానాలు పెట్టే షెడ్డు), టగ్ (విమానాన్ని లాగే బండి) పనులపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా హ్యాంగర్‌లో సైటేషన్ ఎక్స్ఎల్ఎస్, హాకర్ 800ఎక్స్‌పీ ఉన్నాయి. వచ్చే ఏడాది చాలెంజర్ 605 కూడా వస్తోంది. ఇన్నాళ్లూ అద్దె టగ్‌తో నెట్టుకొచ్చాం. సొంతంగా కొందామంటే మా యజమాని "యాభై టన్నుల విమానాన్ని లాగే టగ్ తీసేసుకో, రేపు ఏ విమానం వచ్చినా బెంగుండదు" అంటున్నారు. అంత అవసరమా?
– హ్యాంగర్ మేనేజర్, బేగంపేట

జవాబు: అవసరం లేదు, నష్టం కూడా.

ముందు లెక్క చూద్దాం. మీ మూడింటిలో బరువైనది చాలెంజర్ 605. టేకాఫ్‌కు అనుమతించే గరిష్ఠ బరువు సుమారు 21.9 టన్నులు. హాకర్ 12.7, ఎక్స్ఎల్ఎస్ 9.2. అలాగని టగ్ 22 టన్నుల బలంతో లాగాలని కాదు. గట్టి కాంక్రీటు మీద దొర్లుతున్న విమానానికి దాని బరువులో 1.5 నుంచి 2 శాతం లాగుడు చాలు. వారం రోజులు ఒకేచోట నిలబడి టైర్లు కింద చదునైపోయినదాన్ని మొదటిసారి కదపడానికి 3 శాతం వేసుకోండి. దానికి వాలు కలపాలి. ప్రతి 1 శాతం వాలుకూ బరువులో మరో 1 శాతం.

విమానాలు నిలిపే చోట వాలు 1 శాతం మించకూడదని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) అనుబంధం 14 చెబుతుంది. హ్యాంగర్ గుమ్మం దగ్గర మాత్రం కాగితం మీది లెక్కను నమ్మకండి. వాన నీళ్లు లోపలికి రాకుండా అక్కడ బయటికి వాలు ఇస్తారు. అంటే విమానాన్ని లోపలికి నెట్టేటప్పుడు ప్రతిసారీ ఎత్తెక్కించాల్సిందే. తాపీ మేస్త్రీ దగ్గరుండే లెవెల్ పైపు తెప్పించండి. గుమ్మంలో తలుపు జరిగే పట్టా దగ్గర ఒక కొస, 6 మీటర్ల అవతల ఇంకో కొస పెట్టి చూడండి. 6 సెంటీమీటర్ల తేడా ఉంటే 1 శాతం, 12 ఉంటే 2 శాతం.

1 శాతం వాలుకు చాలెంజర్ లెక్క ఇది: కదపడానికి 660 కిలోలు, వాలుకు 220, మొత్తం 880. పట్టా గాడి దాటేటప్పుడు పడే అదనపు భారానికి పావు వంతు కలిపితే 1,100 కిలోల లాగుడు. టగ్ పత్రాల్లో "డ్రాబార్ పుల్" అని రాసేది ఇదే. అమ్మేవాళ్లు పెద్ద అక్షరాల్లో వేసే టన్నులు కాదు, మీరు చూడాల్సిన అంకె ఇది.

ఇంజను ఎంత గట్టిదైనా టైరు జారితే లాగుడు లేదు. పొడి కాంక్రీటు మీద టగ్ తన చోదక (ఇంజను తిప్పే) చక్రాలపై పడే బరువులో 70 శాతం దాకా లాగగలదు. తడిస్తే 50కి దిగుతుంది. రంగు పూసిన నున్నటి నేల మీద నీళ్లుంటే 40 అనుకోవడమే మంచిది. జూన్‌లో తొలి వాన పడ్డ రోజు ఇంకా కష్టం. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, నూనె నీళ్లలో కలిసి జిగటగా పైకి తేలతాయి. కాబట్టి 1,100ను 0.4తో భాగించండి: చోదక చక్రాలపై 2,750 కిలోలు ఉండాలి. టో బార్‌తో (విమానం ముక్కు చక్రానికి కలిపే కడ్డీతో) లాగే మామూలు టగ్‌లో వెనక చక్రాలే తిరుగుతూ, బరువులో 60 శాతం వాటి మీద ఉందనుకుంటే టగ్ మొత్తం బరువు దాదాపు 4.6 టన్నులు రావాలి. మీకు కావలసింది ఈ తరగతి.

ఇక యాభై టన్నుల టగ్ తెచ్చి 9 టన్నుల ఎక్స్ఎల్ఎస్‌కు తగిలిస్తే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. చక్రానికి అడ్డుపెట్టిన చాక్ తీయకపోయినా, పార్కింగ్ బ్రేకు పట్టి ఉన్నా చిన్న టగ్ ఆగిపోతుంది, డ్రైవరుకు తెలిసిపోతుంది. పెద్ద టగ్‌కు ఆ తేడానే తెలియదు. లాక్కుపోతుంది, ఆ దెబ్బ ముక్కు చక్రం కాలు మీద పడుతుంది.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. లోపలికి ఎత్తు అయితే బయటికి పల్లం. తెల్లవారి విమానాన్ని తీసేటప్పుడు 22 టన్నులు వెనక నుంచి టగ్‌ను తోస్తాయి. డెమో ఇచ్చేవాళ్లు లాగి చూపిస్తారు. మీరు ఆ పల్లంలో ఆపి చూపించమనండి. తడి నేల మీద.

ప్రశ్న: టో బార్ ఉన్న టగ్ మంచిదా, ముక్కు చక్రాన్ని ఎత్తి పట్టుకునే టో బార్ లేని రకమా? రెండో రకం ధర వింటే మా అకౌంట్స్ వాళ్లు కళ్లు తేలేస్తున్నారు.
– ఒక చార్టర్ సంస్థ ఉద్యోగి, సోమాజిగూడ

జవాబు: మీ హ్యాంగర్ లోతు ఎంతో రాసి ఉంటే జవాబు సగం తేలిపోయేది.

టో బార్ పొడవు 3 నుంచి 4.5 మీటర్లు, దాని ముందు టగ్ ఇంకో 3 మీటర్లు. విమానాన్ని తోకవైపు నుంచి లోపలికి పెట్టి తలుపు మూయాలంటే, చివరి అడుగు దాకా ఈ బార్, టగ్ కూడా పట్టాలి. ఎత్తి పట్టే రకం ముక్కు కిందకే దూరిపోతుంది కాబట్టి ఈ బాధ బాగా తగ్గుతుంది.

తిప్పడం సంగతి చూడండి. టగ్, బార్, విమానం: మధ్యలో రెండు కీళ్లు. ఒక కీలున్న ట్రాలీని రివర్స్ చేయడానికే లారీ డ్రైవర్లు తంటాలు పడతారు. రెండు కీళ్లతో వెనక్కి నెట్టడం నేర్పరి చేతికే సాధ్యం. అందుకే బార్ రకం కొనేవాళ్లు ముందువైపు కూడా హుక్కు ఉన్న టగ్ తీసుకోవాలి. మెడ వెనక్కి తిప్పకుండా, బార్ మీదుగా ముక్కు చక్రాన్నే చూస్తూ నెట్టొచ్చు. ఎత్తి పట్టే రకంలో ఒకటే కీలు, అది ముక్కు చక్రం కాలే. కొత్తవాళ్లకు త్వరగా చేయి కుదురుతుంది.

రెండో రకానికి ఇంకో లాభం, విమానం ముక్కు బరువు టగ్ మీదికొస్తుంది. మొత్తం బరువులో సుమారు పదో వంతు ముక్కు చక్రం మీద ఉందనుకుంటే, 22 టన్నుల విమానం 2 టన్నులకు పైగా టగ్‌కు అప్పిచ్చినట్టు. ఆ బరువు చోదక చక్రాల మీద పడేలా కట్టిన టగ్ తాను తేలికైనా జారకుండా లాగుతుంది.

అయితే ప్రతి విమానం ముక్కూ దీనికి ఒప్పదు. కొనేముందు మీ విమానాల దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూడండి. ముక్కు చక్రం ఒకటా, జంటా? టైరు వ్యాసం, వెడల్పు టగ్ తొట్టి (చక్రం కూర్చునే చోటు) కొలతల్లో పడతాయా? కాలి మీద టాక్సీ లైటు (విమానం నేల మీద నడిచేటప్పుడు వేసే దీపం) ఎంత కిందికుంది? గేర్ (చక్రాల అమరిక) తలుపులు తెరిచి ఉన్నప్పుడు వాటి కింది అంచు నేలకు ఎంత ఎత్తు? ముక్కు కింద యాంటెన్నా ఉందా? పట్టీ, వించ్‌తో చక్రాన్ని తొట్టిలోకి లాక్కునే రకంలో ఆ పట్టీ కాలి వెనక నుంచి చుట్టుకుంటుంది. అక్కడ సన్నటి వైరింగో, బ్రేకెటో ఉంటే పట్టీ బిగిసినప్పుడు నలిగిపోతుంది. నలిగింది అప్పుడు కనిపించదు. మర్నాడు కాక్‌పిట్‌లో ఏదో హెచ్చరిక దీపం వెలిగి, ఎందుకు వెలిగిందో పట్టుకోవడానికి పూట పోతుంది. హైడ్రాలిక్ తలుపుతో టైరును బిగించే రకంలో పట్టీ గొడవ లేదు కానీ, టైరు కొలత తేడా వస్తే అసలు పట్టదు, లేదా వదులుగా పడుతుంది.

భారం మించితే తెగిపోయి విమానాన్ని కాపాడే షియర్ పిన్ ఉండేది టో బార్‌లో. బార్ తీసేస్తే ఆ రక్షణా పోతుంది. దాని బదులు టగ్‌లోనే లాగుడు పరిమితి, తిప్పే కోణం మించితే మోగే అలారం ఉండాలి. అదీ ఒక్కో విమానానికి వేరుగా సెట్ చేసే వీలుండాలి. "అన్నింటికీ ఒకటే సెట్టింగ్ సార్" అంటే ఎక్స్ఎల్ఎస్‌కు చాలెంజర్ పరిమితి పెట్టినట్టే. చివరగా, మీ విమాన తయారీదారు ఈ టగ్ మోడల్‌ను వాడొచ్చని ఇచ్చిన లేఖ అడగండి. మెయింటెనెన్స్ మాన్యువల్ 9వ అధ్యాయం టోయింగ్, టాక్సీ గురించే. తిప్పే కోణం, లాగుడు పరిమితి అన్నీ అందులో ఉంటాయి. ఆ పేజీలు జిరాక్స్ తీసుకుని అమ్మేవాళ్ల ముందు పెట్టి మాట్లాడండి.

ధర పోల్చేటప్పుడు ఒక న్యాయం చేయండి. బార్ రకానికి ప్రతి విమానానికీ వేరే టో హెడ్ (ముక్కు చక్రానికి తగిలే కొస), తరచూ వేరే బారే కావాలి. మూడు రకాల విమానాలుంటే మూడు బార్లు, వాటి చక్రాలు, పిన్నులు, పెట్టుకునే చోటు. ఒకే విమానం, లోతైన హ్యాంగర్, అనుభవమున్న డ్రైవరు ఉంటే మాత్రం మా ఓటు టో బార్‌కే. చెడిపోయేది తక్కువ, చెడినా మన వెల్డరుకు అర్థమవుతుంది.

ప్రశ్న: టో బార్ షియర్ పిన్ నెలలో రెండుసార్లు తెగింది. మా ఫిట్టర్ అదే సైజు హై టెన్సైల్ బోల్టు వేశాడు, ఇప్పుడు తెగడం లేదు. పర్వాలేదా?
– శంషాబాద్

జవాబు: ఆ బోల్టు ఇవాళే తీసేయండి. తెగడమే దాని ఉద్యోగం. అది తెగకపోతే తెగేది ముక్కు చక్రం కాలో, స్టీరింగ్ భాగమో. బార్ తయారీదారు ఇచ్చిన పార్ట్ నంబరు పిన్నే వేయాలి, బార్‌కే ఓ డబ్బా కట్టి నాలుగు స్పేర్ పెట్టుకోండి.

అసలు ఎందుకు తెగుతోందో చూడండి. చాలా బార్లలో రెండు రకాల పిన్నులుంటాయి. ఒకటి లాగుడు మించితే, రెండోది మెలి మించితే తెగుతుంది. లాగుడు పిన్ పోతే డ్రైవరు కుదుపుతో బయల్దేరుతున్నాడు, లేదా పార్కింగ్ బ్రేకు వదలకుండానే లాగుతున్నారు. మెలి పిన్ పోతే కోణం మించి తిప్పుతున్నారు. ఏది తెగిందో పుస్తకంలో రాయించండి. ఇక ఆ బోల్టుతో ఎన్నిసార్లు లాగారో లెక్కించి, ముక్కు గేర్‌ను ఇంజనీరుతో తనిఖీ చేయించాకే విమానాన్ని పంపండి.

ప్రశ్న: బ్యాటరీ టగ్ కొందామనుకుంటున్నాం. రోజుకు నాలుగైదు కదలికలు. హైదరాబాద్ ఎండకు బ్యాటరీ ఆగుతుందా? ఎన్ని యాంపియర్ అవర్లు కావాలి? లేక డీజిలే మేలా?
– మెయింటెనెన్స్ ఇంజనీరు, బోయిన్‌పల్లి

జవాబు: హ్యాంగర్ లోపలికైతే డీజిల్ వద్దు. పొగ మసి తెల్ల రంగు మీద పడుతుంది, నూనె చుక్కలు నేల మీద, వేడి సైలెన్సరు రెక్కలోని ఇంధన వెంట్ (ఆవిరి పోయే రంధ్రం) కింద. కారణాలు చాలు.

యాంపియర్ అవర్ల గురించి అందరూ అతిగా దిగులుపడతారు. 22 టన్నుల విమానాన్ని 200 మీటర్లు, వాలుతో కలిపి 3 శాతం లాగుడుతో నడిపితే పట్టే శక్తి 0.36 యూనిట్లు. మోటారు, గేర్ల నష్టాలు కలిపి రెట్టింపు వేసుకోండి, 0.7. ఐదు కదలికలకు మూడున్నర యూనిట్లు. 48 వోల్టులు, 300 యాంపియర్ అవర్ల బ్యాటరీలో 14.4 యూనిట్లు ఉంటాయి, 80 శాతం వాడినా పదకొండున్నర. మీ పనికి మూడు రోజులు వస్తుంది.

ఇలాంటి టగ్‌ల బ్యాటరీలు వాడి కాదు, వాడకే చస్తాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం చార్జితో వారాలు వదిలేస్తే పలకల మీద తెల్లగా సల్ఫేటు గట్టిపడుతుంది, మళ్లీ చార్జి తీసుకోదు. విమానం పది రోజులు బయట తిరుగుతున్నా టగ్ చార్జరుకే ఉండాలి.

ఎండ సంగతి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు సుఖం. అక్కడి నుంచి ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందని మోటు లెక్క. మేలో మనకు బయటే 40 దాటుతుంది, రేకుల హ్యాంగర్ లోపల చెప్పక్కర్లేదు. చార్జింగ్ రాత్రి పెట్టండి, అదీ టగ్ ఓ గంట చల్లారాక. ఎండాకాలం వారానికోసారి నీటి మట్టం చూడండి. పలకలు తేలి ఉంటే మునిగేంతవరకే పోసి చార్జి పెట్టి, పూర్తి మట్టానికి చార్జయ్యాకే పోయాలి. ముందే నింపితే పొంగి యాసిడ్ బయటికొస్తుంది. పోసేది డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లే కాదు, క్యాంటీన్ ఆర్ఓ నీళ్లు కూడా పనికిరావు. చార్జయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది. పైకి తేలే వాయువు కాబట్టి పైన గాలి పోయే దారి ఉన్నచోట, విమానానికి దూరంగా చార్జింగ్ పెట్టండి. ఇంధనం నింపడం, తీయడం జరుగుతుంటే చార్జరు ఆపేయాలి.

లిథియంలో నీళ్ల పని లేదు, సగం చార్జికీ అలగదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాలు మామూలుగా 45 డిగ్రీలు దాటితే చార్జి తీసుకోవు, అందుకే దానికీ రాత్రి చార్జింగే. ఒక చిక్కు మాత్రం ఎవరూ ముందు చెప్పరు: లెడ్ బ్యాటరీ టగ్‌కు బరువు కూడా. అర టన్ను లెడ్ తీసి 200 కిలోల లిథియం పెడితే పట్టునిచ్చే 300 కిలోల బరువు పోయినట్టే. తడి నేల మీద చక్రం గిరగిరా తిరుగుతుంది. ఆ లోటుకు ఇనుప దిమ్మెలు బిగించి ఇస్తారా అని అడగండి.

ప్రశ్న: మా కింగ్ ఎయిర్ బీ200 చిన్నదే కదా అని నలుగురు కుర్రాళ్లు, ఓ చిన్న చేతి టగ్‌తో కానిచ్చేస్తున్నాం. జాగ్రత్తలేమైనా ఉన్నాయా?
– సికింద్రాబాద్

జవాబు: 5.7 టన్నుల లోపు విమానమే, చేతితో నడిపే బ్యాటరీ టగ్ సరిపోతుంది. ముఖ్యమైనది టగ్ కాదు, కాక్‌పిట్‌లోని కంట్రోల్ లాక్. రడ్డర్ (తోక చుక్కాని) లాక్ పెట్టి ఉండగా ముక్కు చక్రం తిప్పితే స్టీరింగ్ లింకేజీ విరుగుతుంది. ఎందుకంటే చక్రం పైలట్ కాలి పెడల్స్‌కు కలిసి ఉంటుంది, పెడల్స్‌ను లాక్ పట్టుకుని ఉంటుంది. గాలి దుమారం రేగగానే లోపలికి పెట్టే హడావుడిలో జరిగేది ఇదే. పైలట్ లాక్ పెట్టి దిగిపోతాడు, కుర్రాళ్లు వచ్చి తిప్పేస్తారు. ముక్కు కాలి మీద ఎర్ర గీతలు దాటించవద్దు. అక్కడి స్టాప్ వంగినా, పగిలినా ఇంజనీరు చూడనిదే విమానం కదలకూడదు. ప్రొపెల్లర్ పట్టుకుని తోయడం అసలే వద్దు.

ప్రశ్న: తలుపు వెడల్పు విమానం రెక్కల కంటే రెండు మీటర్లు ఎక్కువే ఉంది. అయినా రెక్క చివర పక్క విమానానికి తగలబోయి ఆగింది. ఎక్కడ తప్పు జరిగింది?
– బేగంపేట

జవాబు: తిప్పేటప్పుడు జరిగి ఉంటుంది. వెనక్కి వాలిన రెక్కల గుణం అది. రెక్క కొస ప్రధాన చక్రాల నుంచి పక్కకు 10 మీటర్లు, వెనక్కి 3 మీటర్లు ఉందనుకోండి. తిన్నగా వెళ్తే అది పక్కకు ఆక్రమించేది 10 మీటర్లే. ముక్కును ఎడమకు తిప్పగానే కుడి కొస ముందుకొస్తూ బయటికి విస్తరిస్తుంది, 10.44 మీటర్ల దాకా పోతుంది. దాదాపు అర మీటరు ఎక్కడి నుంచో పుట్టుకొచ్చినట్టుంటుంది. డ్రైవరు కళ్లు ముక్కు మీద ఉంటాయి, అతనికి ఇది కనబడదు. వింగ్‌లెట్లు (రెక్క కొసన పైకి లేచే ముక్కలు) తరవాత అమర్చిన హాకర్ అయితే కాగితాల్లోని పాత రెక్కల కొలతకు దాదాపు మీటరు కలపండి.

అందుకని తిప్పుడంతా బయట ఏప్రన్ (హ్యాంగర్ ముందరి ఆవరణ) మీదే ముగించండి. విమానం తలుపుకు తిన్నగా వచ్చాకే గుమ్మం దాటించాలి. ముక్కు చక్రం నడవాల్సిన గీత, ఆగాల్సిన చోటు నేల మీద రంగుతో వేయండి, విమానానికో రంగు. పక్క విమానంతో మీటరు ఖాళీ లేకపోతే ఆ అమరికే మార్చుకోండి. రెక్కకో మనిషి, తోక దగ్గర ఒకరు, ముగ్గురికీ ఈలలు. ఎవరి ఈల మోగినా టగ్ ఆగాల్సిందే, ఎందుకని అడగడం తరవాత. కాక్‌పిట్‌లో బ్రేకు దగ్గర ఒకరు. అతను కూర్చోగానే చూడాల్సింది బ్రేకు ప్రెషర్ ఉందా అని. లేకపోతే అతను అక్కడ కూర్చుని లాభం లేదు. వేగం మనిషి నడక, లోపల అందులో సగం.

తోక ఎత్తూ చూసుకోండి. చాలెంజర్ 605 తోక 6.3 మీటర్లు. ఎత్తి పట్టే టగ్ ముక్కును 15 సెంటీమీటర్లు లేపితే, ముందు చక్రం నుంచి వెనక చక్రాలకు 7 మీటర్లు, అక్కడి నుంచి తోకకు 6 మీటర్లు ఉన్న విమానంలో తోక 13 సెంటీమీటర్లు దిగుతుంది. గుమ్మం కింద అలా దూరిపోయిన తోక, లోపల ముక్కు దించగానే మళ్లీ 13 సెంటీమీటర్లు లేస్తుంది. సరిగ్గా అక్కడ పైన దూలమో, లైటో ఉంటే అంతే సంగతులు.

ప్రశ్న: టగ్ తగిలించేముందు టార్క్ లింక్ (ముక్కు చక్రాన్ని స్టీరింగ్‌కు కలిపే భాగం) విడదీయాలని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు.
– శంషాబాద్

జవాబు: రెండూ నిజమే, విమానాన్ని బట్టి. కొన్నింటికి అసలు విడదీయనక్కర్లేదు, కొన్నింటికి ఒక కోణం దాటి తిప్పాలంటేనే విడదీయాలి, మళ్లీ ఆ మెయింటెనెన్స్ మాన్యువల్ 9వ అధ్యాయమే చెప్పాలి. విడదీస్తే మాత్రం తీసిన పిన్నుకు ఎర్ర రిబ్బను కట్టి కాలికే వేలాడదీయండి, జేబులో వేసుకోవద్దు. తిరిగి బిగించడం మరిచిపోతే పైలట్ టాక్సీ మొదలుపెట్టాక గానీ తెలియదు, స్టీరింగ్ తిప్పుతాడు, ముక్కు తిరగదు. బిగించినవాడు కాకుండా ఇంకొకరు చేత్తో పట్టి చూసి సంతకం పెట్టాలి.